వీడియోలో చెప్పాలి

"భర్త పేరు?"

మస్తానమ్మ తల అడ్డంగా ఊపింది. ఫోను కెమెరా ఆమె మొహం మీదే ఉంది.

"వీడియో నడుస్తా ఉంది. నోటితో చెప్పాల."

"మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు సార్." ఆ 'సార్'ను కాస్త గట్టిగానే నొక్కింది.

సర్వే ఆయన మెడమీద చెమట తుడుచుకున్నాడు. చిల్లకూరులో ఆ వీధి మొత్తానికీ ఆయనే. సర్వే అంటే సర్వం అడగడమే కదా! పొయ్యి ఏది, మీటరు ఎవరిది, బండి ఉందా అని అన్నీ అడిగాడు. అన్నింటికీ టకటకా చెప్పింది. ఇక్కడే ఆగిపోయింది.

సొంతిల్లు లేనివాళ్లు బాడుగ కట్టుకోవడానికి సర్కారిచ్చే సాయం కోసం ఈ సర్వే. ఇప్పుడు కొత్త రూలొచ్చింది. ఇంట్లో ఎవరికి సర్కారు కొలువున్నా, కాంట్రాక్టుదైనా సరే, కట్టుకునేవాళ్లకు కట్! జవాబులన్నీ వీడియోలో ఉండాలి. యాప్ ఒప్పుకోకపోతే ఆపే.

మస్తానమ్మ ఇంటాయనకు ఈమధ్యే అట్లాంటి కొలువొకటి దొరికింది. జీతం మాత్రం ఇంకా దొరకలేదు.

ఇంటి ఓనరు కామాక్షయ్య అరుగుమీద కూర్చుని గోళ్లు కొరుకుతున్నాడు. సాయం ఆగితే సాయంత్రానికి సామాన్లు బయటపెడతానని పొద్దున్నే చెప్పేశాడు. ఇప్పుడు మాత్రం మస్తానమ్మనూ సర్వే ఆయన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"సరే, పేరు వదిలెయ్... వదిలేయండి." సర్వే ఆయన తడబడ్డాడు. "మనిషి ఇంట్లో ఉండాడా, లేడా? లేడని ఒక్క మాట అంటే టిక్కు పెట్టేస్తా."

"లేడంటే ఏమని రాసుకుంటారు?"

ఆయన ఫోను తెరమీద వేలు జరిపాడు. "రెండే ఉండాయి. చనిపోయినాడు. వదిలేసి పోయినాడు."

మస్తానమ్మ చెయ్యి తాళిమీదికి పోయింది.

పక్కింటి ఎలిశబెతు గోడమీదనుంచి తొంగిచూసింది. "అక్కా, వదిలేసినాడని అను! లోకంలో లేనిదా? ఊరికే అంటే నోరేమన్నా అరిగిపోద్దా?"

"నువ్వనుమే, మీ ఆయన్ని!"

ఎలిశబెతు తల గోడ కిందికి దిగిపోయింది.

కామాక్షయ్య దగ్గాడు. ఆ దగ్గులో మస్తానమ్మకు తన గిన్నెలు వీధిలో పడుతున్న మోత వినిపించింది. లోపల కూతురు పరీక్షకు చదువుకుంటోంది. ఈ గూడు పోతే గూడూరు దాకా తిరిగినా ఈ బాడుగకు ఇంకోటి దొరకదు.

ఒక్క అబద్ధం. అంతే. పెదాల దాకా వచ్చింది. దాటలేదు.

"చెప్పండి." సర్వే ఆయన గొంతు బతిమాలుతోంది. "ఎక్కడుండాడు మీ ఆయన?"

మస్తానమ్మ కొంగు భుజం నిండా కప్పుకుని, నోరు విప్పకుండా, ఫోను పట్టుకున్న ఆయన్నే వేలెత్తి చూపించింది.