సొంత పని

తెల్ల నంబరు ప్లేటు కారులో నలుగురు కనిపిస్తే చాలు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ విద్యాసాగర్ చెయ్యి దానంతటదే లేస్తుంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి, కురవి దాటాక అలాంటి కారే ఒకటి దొరికింది.

నడుపుతున్నది మాన్‌సింగ్. వెనక ముసలి బుచ్చవ్వ, ఆమె పక్కన పెంటయ్య, గ్రేస్.

"ఏడికి?"

"మహబూబాబాద్ దవాఖానకు సార్. వీళ్లకు డయాలసిస్ ఉంది. పదింటికి మిషన్ ఎక్కాలె."

"వీళ్లు నీకేమైతరు?"

"ఊరోళ్లు సార్."

"ఊరోళ్లు చుట్టాలెట్లయితరయ్యా?"

"ఇంకెవరైతరు సార్?"

విద్యాసాగర్‌కు ఒళ్లు మండింది. దొరికినవాడు నీళ్లు నమలాలి గానీ, ఎదురు ప్రశ్న వేయడమేమిటి!

"చూడు, తెల్ల ప్లేటంటే సొంతానికే. కిరాయికి తిప్పొద్దు. నీ పని మీద నువ్వు పోతూ ఎవరినన్న ఎక్కించుకుంటే అది వేరే ముచ్చట. దవాఖానల నీకేం పని?"

మాన్‌సింగ్ వాచీ చూసుకున్నాడు.

"నాకేం పని సార్... వీళ్లను దించుడే."

"మరి ఏం తీసుకుంటవ్? పైసలే కాదు, డీజిల్ పోయించుకున్నా కిరాయే. కోడిపిల్లను ఇచ్చినా కిరాయే."

"ఏం తీసుకోను సార్."

విద్యాసాగర్ నమ్మలేదు. వెనక కిటికీలోకి వంగాడు.

"ఏమవ్వా, ముఫత్‌గ తీసుకపోతుండా నిన్ను?"

ముఫత్ అన్న మాట బుచ్చవ్వకు చురుక్కున తగిలింది. రెక్కల కష్టం మీద బతికిన మనిషి. ఎవరిదీ ఊరికే తిని ఎరగదు.

"ముఫత్‌కు ఎక్కనీకి నేనేమన్న అడుక్కతినేదాన్నా? కిరాయిచ్చే ఎక్కిన!"

గ్రేస్ కంగారుపడింది. "సార్, అవ్వ ఊకనే అంటుంది..."

"ఉండు చెల్లె," అన్నాడు మాన్‌సింగ్. నడిరోడ్డు మీద ముసలిదాని మాట తీసెయ్యడం ఆయన వల్ల కాలేదు. "ఇచ్చింది సార్. రాసుకోండ్రి."

ఇంకేం కావాలి? విద్యాసాగర్ అటుగా వచ్చిన ఆటోను ఆపి ముగ్గురినీ ఎక్కించాడు.

"అన్నా, మరి నువ్వు?" అంది గ్రేస్.

"ఎన్క వస్త. మీరు పోండ్రి, టైమయితుంది."

పట్టుకున్న కారును మహబూబాబాద్ బస్ డిపోలో పెట్టించాలి. కాగితాలు రాయాలి. సంతకాలు కావాలి. తీరా వెళ్తే డిపో గేటు తాళం చెవి ఉన్నాయన టిఫిన్‌కు పోయాడు. ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

"ఇంకెంతసేపు సార్?" పదింటికి అడిగాడు మాన్‌సింగ్.

పదకొండింటికి మళ్లీ అడిగాడు. పన్నెండింటికీ అడిగాడు.

"ఏందయ్యా నీ పరేషాన్? వాళ్లను పంపించిన గద!"

ఎండలో నిలబడ్డాడని జాలిపడి మంచినీళ్ల సీసా ఇవ్వబోతే వద్దన్నాడు. ఎంత పొగరో అనుకున్నాడు విద్యాసాగర్.

ఒంటిగంటకు వదిలేశాడు. మాన్‌సింగ్ దండం పెట్టి, గోడ పట్టుకుంటూ మెల్లగా నడిచిపోయాడు.

గురువారం బుచ్చవ్వ ఒక్కతే ఆఫీసుకు వచ్చింది.

"సారూ, ఆ పొద్దు నేను అబద్ధమాడిన. కిరాయి లేదు, ఏం లేదు. ముఫత్ అనేసరికి నామోషీ అయి గట్లన్న. రెండేండ్లసంది మా దగ్గర చాయ్ గూడ తాగలే. కారు ఇచ్చేయుండ్రి."

విద్యాసాగర్‌కు సిగ్గేసింది. సోమవారం నుంచీ ఆయన మనసూ కుదురుగా లేదు. ఆ మనిషి గోడ పట్టుకుని నడవడం మాటిమాటికీ గుర్తొస్తోంది.

"సరే అవ్వా, కేసు తీసేస్త. మాన్‌సింగ్‌ను రమ్మను."

"ఏడికెళ్లి రమ్మను సారూ? వాని పెండ్లాం సోనికి ఇయ్యి. వాన్ని మొన్ననే మట్టి చేస్తిమి."

విద్యాసాగర్ కుర్చీలోంచి లేచాడు.

"ఏమైంది?"

"మిషన్ టైం తప్పింది. డిపో కాన్నుంచి నడుసుకుంట వచ్చి, దవాఖాన మెట్లకాన్నే కూలవడ్డడు."

"ఆయనకేం మిషన్? ఆయన డ్రైవర్ గద!"

బుచ్చవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"బీమారోడంటే లైసెన్సు గుంజుకుంటరని దాసిండు గనీ, డ్రైవరేంది సారూ! వాడు సుత మా లెక్కనే పేషెంటు, తన మిషన్‌కు తను పోతూ మమ్ముల ఎక్కించుకుంటుండె."