జారిపోయిన చేపలు

"నూట పద్నాలుగో నంబరు చేప. నలభై రెండు సెంటీమీటర్లు. రెల్లు పొదల దగ్గర పడింది. రాసుకో తల్లీ."

పడవ ముసలాయన ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విప్పి, మడత పెట్టిన కాగితంలో చూసి చదివాడు.

పరిశోధక విద్యార్థిని పెన్ను తీసింది.

"ట్యాగ్ ఇవ్వండి తాతా."

"అది చేపకే ఉంది."

"చేప ఏది?"

"జారిపోయింది."

మైక్రోస్కోపుల దగ్గరున్న జూనియర్లు కిసుక్కుమన్నారు.

"కొలత ఇచ్చి మరీ జారిందా?" అంది ఆమె.

ముసలాయన కూడా నవ్వాడు. నవ్వి, కాగితం ఇంకో మడత విప్పి తర్వాతి నంబరు చదివాడు. అదీ జారిపోయిందట.

ఆ రోజు నుంచి ల్యాబ్‌లో ఆయన పేరు జారుడు తాత.

ఆమె చదువు చేపల పెంపకం, సంరక్షణ. పరిశోధనంతా ఆ సరస్సులోని ఒక్క జాతి చేప మీదే. మూడు వందల చేపలకు వీపు రెక్క పక్కన నంబరున్న పసుపు ట్యాగులు గుచ్చి, కొలతలు రాసుకుని నీళ్లలో వదిలింది. మళ్లీ ఎవరి వలలోనైనా పడితే ట్యాగ్ తెచ్చివ్వాలి. అప్పుడు ఆ చేప ఎన్ని నెలల్లో ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఎంత పెరిగాక పడితే ఆ జాతి మిగులుతుందో తేలుతుంది.

ఏడాది గడిచింది. చేతికొచ్చిన ట్యాగులు తొమ్మిది. ముప్పై అయినా లేకపోతే థీసిస్ నిలబడదు.

జారుడు తాత చెప్పిన నంబర్లు మాత్రం ముప్పై ఒకటి.

"సార్, ఇవి కలుపుకోవచ్చా?" అని గైడ్‌ని అడిగింది.

"చేపని చూశావా? ట్యాగ్ చూశావా?"

"లేదు సార్."

"మరి ఆయన ఇంట్లో కూర్చుని నంబర్లు అల్లుతున్నాడేమో నీకెలా తెలుసు? చేతిదాకా వచ్చిన అంత చేపని ఎవడు పోగొట్టుకుంటాడు? కొట్టెయ్."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కాస్తా మర్నాటికి ముసలాయన మీద కోపమైంది.

"ఇవాళ రెండు పడ్డాయి తల్లీ."

"రెండూ జారిపోయాయా?"

"ఆ... అంతే."

"తాతా, ఇది నా నాలుగేళ్ల చదువు. మీకు కాలక్షేపంగా ఉందా? మీ కోతలు రాసుకోవడానికా నేనిక్కడ కూర్చుంది?"

రిజిస్టరు ఆయన ముందుకు తోసింది. ముప్పై ఒక్క వరసల మీదా ఎర్ర సిరా గీతలు.

ఆయన వరస వరస మీదా వేలు పెట్టి చూశాడు. పదో వరస దాకా వచ్చి వేలు తీసేశాడు.

"అన్నీ కొట్టేశావా?"

"అన్నీ."

"చదువుకున్నదానివి. నీకు తెలియకుండా ఉంటుందా" అన్నాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పీడ విరగడైందనుకుంది ఆమె.

నాలుగు నెలల తర్వాత, మార్కెట్లో చేపలు తూచే మనిషి ఒక పెద్ద చేపని సంచిలో తెచ్చి ల్యాబ్ బల్ల మీద పెట్టాడు.

పసుపు ట్యాగ్. నూట పద్నాలుగు.

కొలిచింది. నలభై తొమ్మిది సెంటీమీటర్లు. వదిలిన రోజు ముప్పై అయిదు. గ్రాఫ్ గీసి చూస్తే, ముసలాయన చెప్పిన నలభై రెండు సరిగ్గా గీత మీదే ఉంది.

పొట్ట కోసింది. అండాశయం ఖాళీ అయి వదులుగా ఉంది. ఈ మధ్యే గుడ్లు పెట్టేసింది.

ఆ నెలలో మరో ఆరు వచ్చాయి. ఆరూ ఎర్ర సిరాతో కొట్టేసినవే. ఆరు కొలతలూ సరిపోయాయి.

గైడ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అనవసరంగా అనుమానించాం. అన్నీ చేర్చు. పట్టినవాళ్ల సంతకం కావాలి, వెళ్లి ఫారం మీద పెట్టించుకురా."

క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకుంటూ వెళ్లింది. ఒడ్డున ఆయన ఇంటి ముందు పెద్దావిడ కూర్చుని వల చిక్కులు తీస్తోంది.

"తాత ఉన్నారా?"

"పోయి ఇరవై రోజులైందమ్మా. జ్వరం."

ఫారం చేతిలోనే ఉండిపోయింది.

"నేను యూనివర్సిటీ నుంచి వచ్చాను. ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఆయన చెప్పింది నిజమేనమ్మా. ఆ చేపలన్నీ నిజంగానే పడి, జారిపోయాయి."

పెద్దావిడ చేతుల్లో వల ఆగింది.

"జారడమేంటి? నలభై ఏళ్లు వల లాగిన చెయ్యి. అందులోంచి చేప జారడం నేనెరగను."

"మరి?"

"వదిలేసేవాడు. తెడ్డు మీద గాట్లు పెట్టుకుని, దాని పక్కన పడుకోబెట్టి కొలిచి వదిలేసేవాడు. ట్యాగ్ పీకితే పుండై చస్తుందని దాన్నీ ముట్టుకోలేదు. పక్క పడవలవాళ్లు నవ్వుతారని జారిందనేవాడు. నాతోనూ అదే మాట. ఒట్టి చేతులతో వచ్చిన రోజు ఎన్ని తిట్లు తిట్టానో! మంచాన పడ్డాక బయటపెట్టాడు."

"ఎందుకు వదిలారు?"

పెద్దావిడ ఆమెను వింతగా చూసింది.

"నువ్వే చెప్పావటగా తల్లీ, ఒక్కసారన్నా గుడ్లు పెట్టనివ్వండి అని?"

చెప్పింది. ట్యాగులు వేసిన రోజు, ఒడ్డున పడవలవాళ్లందరి ముందు మైకు పట్టుకుని, పుస్తకంలో ముక్క అప్పజెప్పినట్టు చెప్పేసి మర్చిపోయింది.

అందరూ తలలూపారు, విన్నది మాత్రం ఆయనొక్కడే.