గుమ్మం ముందుకొచ్చిన బడి

ఆటిజం ఉన్న పిల్లల ఇళ్ళకి బడే నడిచి రావడం కాకినాడలో ఇప్పుడెవరికీ వింత కాదు. ఆ పొద్దున కూడా మంచులోంచి మెత్తగా అడుగులేసుకుంటూ ఒక్క గది బడి వచ్చి, హైమావతి ఇంటి ముందు ఆవులా మోకాళ్ళు మడిచి కూర్చుంది.

నిన్న హైమావతి ఓపిక పట్టలేక కూతురు తరళని రెక్క పట్టుకుని బడి దగ్గరికి లాక్కొచ్చింది. లాక్కొచ్చిన పిల్లని చూస్తే బడి తలుపు దానంతటదే మూసుకుపోతుంది. బడి చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయింది. వీధి వీధంతా చూసింది.

అందుకే ఇవాళ హైమావతి తన చేతుల్ని తానే నమ్మక, రెండూ చపాతీ పిండిలో పెట్టుకుని వరండాలో కూర్చుంది.

"ఇవాళ కూడా రాదేమోనండి, టీచర్ గారూ" అంది.

"వచ్చినప్పుడే వస్తుందిలెండి. మాకేం తొందర?" అంది, ఓరగా తెరిచిన బడి తలుపు దగ్గర కూర్చున్న జుబేదా టీచరు.

ఇంట్లో కిటికీ దగ్గర తరళ సన్నగా కూనిరాగం తీస్తోంది. కాసేపటికి బడి గోడలు కూడా అదే రాగం అందుకున్నాయి. వీధిలోని హారన్ల మోత దూదిలో చుట్టినట్టు అణిగిపోయింది. తరళ ఆపింది. గోడలూ ఆగి, ఆమె కోసం ఎదురుచూశాయి.

తరళ మెల్లగా బయటికొచ్చింది. తల్లిని దాటి మెట్లు దిగి, మళ్ళీ వెనక్కొచ్చింది. పిండి అంటిన చెయ్యి పట్టుకుని బడి వైపు బలంగా లాగింది.

హైమావతి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. "లాక్కూడదమ్మా, తలుపు మూసేసుకుంటుంది!"

ఓరగా ఉన్న తలుపు, ఇద్దరు పట్టేటంత వెడల్పుగా తెరుచుకుంది.