మేస్త్రీ గుడ్లు

కూలిచీమలన్నిట్లో సన్నెమ్మకు అనుమానం ఎక్కువ. పుట్ట అడుగున మట్టి చెమ్మగా తగిలేసరికి తవ్వడం ఆపేసింది.

"వానొచ్చేలా ఉంది మేస్త్రీ. పైకి పోదామా?"

"చినుకు కూడా రాలదు. ఇంకో జానెడు తవ్వండి," అని కసిరాడు మేస్త్రీ గండుచీమ.

సన్నెమ్మ నోరు మూసుకుంది గానీ కళ్లు మూసుకోలేదు. నిన్నటిదాకా మేస్త్రీ గుడ్లు పక్క గదిలోనే ఉండేవి. ఇవాళ ఆ గది ఖాళీ.

"మీ గుడ్లేవి మేస్త్రీ?"

"అవా... గాలిమార్పుకని చింతకొమ్మ మీదికి చేర్చాన్లే."

సన్నెమ్మ మట్టిబెడ్డ అక్కడే పడేసి, తన గుడ్డును నోట కరుచుకుని పైకి బయల్దేరింది.

"పని వదిలేసి ఎక్కడికే?" అని అరిచాడు మేస్త్రీ.

నోట్లో గుడ్డుంది కాబట్టి సన్నెమ్మ జవాబు చెప్పలేదు. వెనకాలే కూలిచీమలన్నీ గుడ్లు కరుచుకుని బారు కట్టాయి.

వాటిని ఆపాలని ముందే పైకెక్కి, పుట్ట నోటికి అడ్డంగా నిలబడిన మేస్త్రీ నెత్తిన మొదటి చినుకు టప్పున పడింది.