ఖలందర్ బిగించిన జీపు

"నంద్యాల బస్సు వచ్చేలోపల మేం ఆడ ఉండాల. బండి కదల్లేదనుకో, నీ షెడ్డు ఉండదు ఖలందరూ!" అన్నాడు సుబ్బయ్య.

జీపు కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్ ఖలందర్ స్పానరు అందుకున్నాడు. గేరుబాక్సు వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసును విప్పి గోనెసంచి మీదికి దించాడు. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచేది అదే. అది ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వానలు దంచికొట్టాయి. నాలుగు చక్రాలూ లాగకపోతే ఆళ్లగడ్డ దాటాక నల్లరేగడిలో ఏ బండీ సాగదు.

సాగకూడదనే ఆ జీపు డ్రైవరు ఏలీయా పొద్దుటినుంచీ ప్రార్థిస్తున్నాడు. సుబ్బయ్య చేయించిన హత్యను ఉయ్యాలవాడ దగ్గరి పల్లెలో కరుణాకర్ టీచరు కళ్లారా చూశాడు. రేపే నంద్యాల కోర్టులో సాక్ష్యం. అతను సాయంత్రం బస్సెక్కేలోపు నరికేయాలని వేటకొడవళ్లు జీపులో సిద్ధంగా ఉన్నాయి.

సుబ్బయ్య టీకి పోగానే ఏలీయా కిందికి వంగాడు.

"అన్నా, బండి రేపు ఇస్తానని చెప్పరాదా? పిల్లోళ్లకు చదువు చెప్పే మనిషిని సంపుతాండారన్నా!"

"అయ్యన్నీ నాకేటికప్పా? నా షెడ్డుకొచ్చిన బండి నడిచిపోవాల. జరుగు, వెలుతురు రానీ."

ఏలీయాకు ఒళ్లు మండిపోయింది. వీడూ ఒక మనిషేనా! అరిగిన బేరింగు మార్చి, కేసును మళ్లీ ఎక్కించి, ఖలందర్ ఒక్కో బోల్టూ పట్టిపట్టి బిగిస్తుంటే, వీడి చేతులు పడిపోనూ అని లోలోపలే తిట్టుకున్నాడు.

షెడ్డు ముందు తారురోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూస్తే జీపు మెత్తగా పరిగెత్తింది. సుబ్బయ్య మెచ్చుకుని ఖలందర్ భుజం తట్టాడు.

సుబ్బయ్య తన మనుషులను ఎక్కించుకున్నాక, రోడ్డు మీద పోలీసులుంటారని పొలాల దారి పట్టారు. సగం దూరంలో బురద తగిలింది. ఏలీయా నాలుగు చక్రాల లివరు వేశాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇరుసుదాకా కూరుకుపోయాయి. సుబ్బయ్య మనుషులంతా దిగి నెట్టినా జీపు అంగుళం జరగలేదు. చూస్తుండగానే బస్సు వేళ దాటిపోయింది. టీచరు బతికిపోయాడు.

"కిందికి దూరి చూడు లేయ్! ఆ ఖలందర్‌గాడు ఏం జేసినాడో!" అని సుబ్బయ్య రంకెలేశాడు.

ఏలీయా బురదలో పడుకుని జీపు కిందంతా చేత్తో తడిమాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"యాడుందిరా తప్పు?"

"ఖలందరన్న అంతా సరిగ్గానే బిగిచ్చినాడప్పా. బురదే ఎక్కువ."

షెడ్డుకు వచ్చేదాకా ఉన్న, ముందు చక్రాలను తిప్పే షాఫ్టు ఇప్పుడు ఆ జీపుకు లేనే లేదు.