అంచుదాకా పోసిన టీ

"ఈ ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉందట కదా అక్కా?"

గేటు ముందున్న కొత్త మనిషి అడగ్గానే సనోబర్‌కి ప్రాణం లేచొచ్చింది. మా మార్గిలాన్ ఊళ్ళో పెళ్ళి మాటలకొచ్చే ఆడవాళ్ళు అడిగేది సరిగ్గా ఇలాగే.

చీపురు అక్కడే వదిలేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

కూతురు ఓయ్‌దిన్‌కి చూపు మందగించింది. ఎదుట ఉన్నది కనబడదు, పక్కనున్నది కాస్త కనబడుతుంది. ఆపరేషన్‌తో లాభం లేదని కంటి ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ రమ్మంది కూడా. సనోబర్ వెళ్ళలేదు. అక్కడ ఎవరైనా చూస్తే ఇక పిల్లను ఎవరు చేసుకుంటారు?

వచ్చినావిడ రొట్టె తుంచుతూ పిల్ల చదువు, కుట్టుపని అడిగింది. మాట్లాడుతున్నంతసేపూ సనోబర్ మొహం కాక భుజం మీదుగా చూస్తోంది. ఇల్లూ వాకిలీ అంచనా వేస్తోందని మురిసిపోయింది సనోబర్.

"అమ్మాయి చూపు ఎలా ఉంది అక్కా?"

ఎవరో చెవిన వేసినట్టున్నారు.

"మా వంశంలోనే ఆ పీడ లేదమ్మా. మా పిల్ల చీకట్లో సూదికి దారం ఎక్కిస్తుంది."

ఆవిడ తుంచిన రొట్టె పక్కన పెట్టేసింది.

అంతలో ఓయ్‌దిన్ వచ్చి టీ పోసింది. పిడిలేని పియాలా కప్పు అంచుదాకా పోసేసింది.

మా వైపు అతిథికి కొంచెం కొంచెంగా పోస్తూ ఉండాలి. నిండా పోస్తే, తాగి ఇక దయచేయమని అర్థం.

పిల్లకి కనబడలేదమ్మా, ఏమీ అనుకోకు. ఆ ఒక్క మాట సనోబర్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

ఆవిడ పియాలా అంచు మీద వేలు పెట్టింది. వేడి తగలగానే తీసేసింది. మొత్తం తాగి లేచింది.

"ఇల్లు పొరబడ్డాను అక్కా. వెళ్తాను, మా ఆయనా పిల్లలూ ఎదురుచూస్తుంటారు."

ఆవిడ గేటు దాటగానే, కళ్ళెక్కడ పెట్టుకున్నావే అని కూతుర్ని కసిరి, సనోబర్ నాలుక కరుచుకుంది.

తర్వాత ఏ కబురూ రాలేదు. ఓ రోజు ఓయ్‌దిన్ మరిగే నీళ్ళు చేతిమీద ఒంపుకుంది. ఇక సిగ్గు పక్కనపెట్టి సనోబర్ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చెయ్యి చూసి నిట్టూర్చింది. కంటికి మందులతోనూ తను చేయగలిగిందేమీ లేదంది. ఉన్న చూపుతోనే వంటా కుట్టూ చదువూ ఎలా సాగించాలో నేర్పే టీచర్ని ఇంటికే పంపితే, పొమ్మన్నట్టు టీ నిండా పోశారటగా అని అడిగింది.

"ఆవిడ పెళ్ళి మాటలకి వచ్చిందనుకున్నాను."

"గేటు దగ్గర కంటి మాట ఎత్తొద్దని నేనే చెప్పానమ్మా. వీధి వింటే మీకు బాధని. ఇప్పుడావిడ ఎక్కడో దూరాన ఉన్న నుకుస్ ఆస్పత్రికి మారిపోయింది. ఆవిడ బదులు ఇక్కడికి ఇంకెవరూ రాలేదు."

సనోబర్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా తప్పు ఇంకొకరి మీదికి నెట్టబోయింది.

"అంత తెలిసినావిడ, నా పిల్ల టీ పోసిన తీరు చూసైనా గ్రహించొద్దూ?"

ఓయ్‌దిన్ తన తల్లి మొహం చూద్దామని, ఆమె భుజం మీదుగా చూసింది.

"ఆవిడెలా చూస్తుందమ్మా?" అంది డాక్టరమ్మ. "ఆవిడదీ మీ అమ్మాయి జబ్బే."