పన్నెండు మాటల జోల

చీరాలలో నోట్లు చెల్లడం మానేసి చాలా కాలమైంది. పాలు కావాలన్నా ఫోన్‌లో డిజిటల్ కాయిన్ పంపాల్సిందే. ఏడో తరగతితో బడి మానేసిన సుగుణ ఆ రోజే మొదటిసారి తన పేరున ఖాతా తెరిచింది. ఫోన్ పన్నెండు రహస్యపు మాటలిచ్చి, కాయిన్ పంపిన ప్రతిసారీ అవే నొక్కాలని, మరిచిపోతే కుట్టుపని సంపాదనంతా పోతుందని హెచ్చరించింది. కాసేపటికి సుగుణ ఆ మాటలతోనే జోల కట్టి, పాప ఉయ్యాల ఊపుతూ పాడసాగింది.

పక్కింటి మంగతాయారు పరుగున వచ్చింది. "పిచ్చిదానా, నీ రహస్యపు మాటలు గోడవతలకి వినబడుతున్నాయే!"

"వినబడనీ అత్తా. ఒక మాట తీసేసి, అక్కడ పాప పేరు పెట్టానులే."

"ఏ మాటే అది?"

"కాస్త అటు తిరుగు, చెబుతా."

మంగతాయారు మళ్లీ ఇటు తిరిగేలోగా సుగుణ ఫోన్‌లో మాటలన్నీ సరిగ్గా నొక్కేసింది. రెప్పపాటులో కాయిన్ పాలు పోసే ఆమెకు చేరింది. పాప నిద్రపోయింది. మంగతాయారు మాత్రం ఆ జోలే కూనిరాగం తీస్తూ, పాప పేరు దగ్గర ఆగి ఆగి ఇంటిదారి పట్టింది.